గిజిగాడి మూడు రుజువులు

అనగనగా ఒక అడవిలో, వినండర్రా, వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు ఒకటి ఉండేది. దాని కొమ్మకు గూడు అల్లుకుని ఒక గిజిగాడు, చెట్టు తొర్రలో ఒక ముసలి ఉడుత ఉండేవారు. గిజిగాడికి తల్లి లేదు. ఉడుతనే "అవ్వా" అని పిలిచేవాడు.

ఒక ఎండాకాలం అవ్వకు జబ్బు చేసింది. "ఒరే గిజిగా, భయంగా ఉందిరా. పోయాక నేనిక ఉండనా?" అని ఏడ్చింది.

ఆ ఏడుపు చూడలేకపోయాడు గిజిగాడు. ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టాలనుకున్నాడు.

మొదటి రోజు, "ఎండిన గడ్డి వానకు మళ్ళీ చిగురిస్తుంది కదవ్వా! పోయిన ప్రాణమూ అంతే, తిరిగొస్తుంది" అన్నాడు.

రెండో రోజు, "గూడు అల్లడం నాకెవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. అంటే పుట్టకముందే నేర్చుకున్నానన్నమాట. పుట్టకముందు ఉన్నవాణ్ణి పోయాక మాత్రం ఉండనా?" అన్నాడు.

మూడో రోజు, "ఈ గూటికి ముందు ఏడు గూళ్ళు అల్లాను. ఏడూ రాలిపోయాయి, నేనున్నాను. ఒళ్ళు గూడు లాంటిదవ్వా. ప్రాణం ఆ గూడు అల్లేవాడు" అన్నాడు.

"ఓహో, ఏం బుర్ర! ఏం బుర్ర!" అని పై కొమ్మ మీది మైనాలు రెక్కలు కొట్టాయి. గిజిగాడు పొంగిపోయాడు.

అవ్వ ఏడుపు మానేసింది. బాగుంది కదా అంటారా? తిండి కూడా మానేసింది! రేగుపండు తెచ్చిస్తే పక్కకు నెట్టేసింది.

"ఇంకో ఒళ్ళు వస్తుందన్నావుగా. ఈ పాతదానికి మేత దేనికిరా? త్వరగా పోతాలే" అంది.

గిజిగాడు హడలిపోయాడు. ఏం చెయ్యాలో తోచక కొమ్మ మీదికొచ్చి కూర్చున్నాడు. ఎదురుగా వాడి అన్న అల్లుకున్న గూడు వేలాడుతోంది. అన్నను డేగ ఎత్తుకుపోయి నెల దాటింది. గూడు మాత్రం చెక్కుచెదరలేదు.

"అయ్యో! అల్లినవాడు పోయాడు, గూడు మిగిలింది. నేనెంత తప్పు చెప్పాను!" అనుకున్నాడు.

ఆ మాట బయటపెడితే పరువు పోతుంది. అవ్వకు మళ్ళీ భయం పట్టుకుంటుంది. దాచేస్తే అవ్వే పోతుంది. కాసేపు అటూ ఇటూ ఊగిసలాడి, చివరికి తొర్ర దగ్గరికి వెళ్ళాడు.

"అవ్వా, నా రుజువులు మూడూ నిలవవు. చిగురించేది ఆ ఎండిన గడ్డిపోచేనో, వేరేదో నేను చూడలేదు. ముందు ఉన్నంత మాత్రాన తర్వాత ఉంటానని లేదు. అన్న లేడు, అన్న గూడు ఉంది. పోయాక ఏమవుతుందో నాకు తెలియదు."

మైనాలు పకపకా నవ్వాయి. అవ్వకు ఒళ్ళు మండింది.

"తెలియనప్పుడు ఎందుకు చెప్పావురా వెధవా?"

"నువ్వేడుస్తుంటే చూడలేకపోయాను" అని వాడూ ఏడ్చేశాడు.

అవ్వ తోకతో వాడి కళ్ళు తుడిచింది. తర్వాత మెల్లగా, "నిజంగానే తెలియదా?" అని అడిగింది.

"తెలియదవ్వా. ఉండొచ్చు, ఉండకపోవచ్చు."

"అయితే ఉన్న ఒంటిని ఎందుకు మాడ్చుకోవడం? ఆ పండు ఇలా తే!"

ఆ తర్వాత అవ్వ రెండు వానాకాలాలు బతికింది. భయం మాత్రం పూర్తిగా పోలేదు. ఆఖరి రోజున, "ఇప్పటికైనా తెలిసిందా?" అని అడిగింది.

"లేదవ్వా."

"పోనీలే. కాస్త దగ్గరికి రా" అంది.

గిజిగాడు ఆమె మీద రెక్క కప్పి, ఆమె కన్ను మూసేదాకా కదలకుండా కూర్చున్నాడు.

నీతి: తెలియనిదాన్ని తెలుసని చెప్పి ఓదార్చకూడదు. తెలియదని ఒప్పుకుని పక్కన ఉండాలి.