బీబమ్మ రేడియో

జిలానీ సంచి సర్దుకుని దర్గాలో గురువుగారి ముందు నిలబడ్డాడు.

"బీబమ్మతో నావల్ల కాదు హజ్రత్. ఆమె కేకలేస్తుంటే నెమ్మదిగా నచ్చజెబుదామనే వెళ్తాను. చివరికి ఇద్దరి గొంతులూ బస్టాండు దాకా వినిపిస్తాయి. సాయంత్రం బస్సుకి మా ఊరు వెళ్ళిపోతాను."

బీబమ్మ ఆ దర్గాలో వంటమనిషి. ఆమె చేతి పప్పు తిన్నవాళ్ళు ఆమె నోటిని ఇట్టే క్షమించేస్తారు. జిలానీ కడుపులో ఇంకా అంత పప్పు పడలేదు.

"అలాగే వెళ్ళు బేటా," అన్నారు హజ్రత్. "రేడియో పని తెలిసినవాడివి. వెళ్ళేలోపు ఆమె రేడియో సంగతి చూడు."

దర్గా పక్కనే సబ్‌స్టేషన్. కరెంటు ఎప్పుడూ ఉండాల్సినదానికన్నా ఎక్కువే వస్తుంది. బీబమ్మ పాత రేడియోలో గాజుబుడ్ల లాంటి వాల్వులు అందుకే మాడిపోయాయి. మార్చడానికి ఆఖరి జత మిగిలింది. అదీ మాడితే బీబమ్మకి ఇక పాటల్లేవు.

"ఇంత కరెంటుని అణచాలంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలి," అన్నాడు జిలానీ.

హజ్రత్ మంచం కింద నుంచి పిడికిలంత ట్రాన్స్‌ఫార్మర్ తీశారు. "అణచడం దేనికి? ఎక్కువైనంత మేరకు తగ్గితే చాలదూ?"

జిలానీకి అర్థమైంది. ట్రాన్స్‌ఫార్మర్‌లోని రెండు తీగచుట్టల్లో పెద్ద చుట్టని కరెంటుకి కలిపాడు. చిన్న చుట్టని రేడియోకి వెళ్ళే తీగ మధ్యలో చేర్చాడు. ముందు రేడియో బదులు బల్బు పెట్టి స్విచ్ వేశాడు.

బల్బు గదిలో దీపంకన్నా ఎక్కువగా భగ్గుమంది.

"చూశారా! తగ్గించమంటే పెంచుతోంది. పనికిమాలిన సరుకు!"

హజ్రత్ ప్లగ్గు పీకారు. చిన్న చుట్ట తీగలు రెండూ విప్పి, అటుది ఇటు, ఇటుది అటు కలిపారు. మళ్ళీ ప్లగ్గు పెట్టారు. బల్బు హాయిగా, పచ్చగా వెలిగింది.

జిలానీ ఆఖరి వాల్వుల జతని రేడియోలో బిగించాడు. "మరి ఇందాక ఏం చేసింది హజ్రత్?"

"ఎక్కువైనదానికి తోడు వెళ్ళింది."

అంతలో వంటింట్లోంచి కేక. "నా రేడియో విప్పిందెవడ్రా? చేతులు విరగ్గొడతా!"

జిలానీ రేడియో, ట్రాన్స్‌ఫార్మర్ చంకన పెట్టుకుని వెళ్ళాడు. హజ్రత్ చెవులు రిక్కించారు. బీబమ్మ గొంతు ఒక్కటే వినబడింది. అదీ కాసేపటికి తగ్గింది. తర్వాత రేడియోలో పాట మొదలైంది. దాంతోపాటు బీబమ్మ కూనిరాగం కూడా.

సాయంత్రం హజ్రత్ వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"బస్సు ఎన్నింటికి బేటా?"

కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ జిలానీ తలెత్తాడు.

"ఇంకా సగం ఉల్లిపాయలు తరగాలి హజ్రత్."