తుంటి మీద నల్లమచ్చ

“ఈ పరీక్షల బోర్డులన్నీ కంచెలు సర్. లోపలికి చేరినవాళ్లు బయటివాళ్లను ఆపడానికి కట్టుకున్నవి. కాదంటారా?” అని ఇమ్మానుయేలు నిలదీశాడు. అతను అమెరికాలో ఆస్టియోపతీ డాక్టరు. రోగి ఒంటిని చేత్తో తడిమి చూడటం ముఖ్యమని నేర్పే చదువు అది. ఒంట్లోకి రేడియోధార్మిక మందు ఎక్కించి స్కాన్ తీసే న్యూక్లియర్ మెడిసిన్‌లో బోర్డు సర్టిఫికెట్ కోసం మర్నాడే అతనికి నోటి పరీక్ష. అతని గురువు వరదాచారి గారు ఆ పరీక్ష పెట్టేవాళ్లలో ఒకరిగా పన్నెండేళ్లు ఉండి, తప్పుకున్న మనిషి. ఆయన వాదించలేదు.

“తొమ్మిదేళ్ల కిందట యశోద అనే అమ్మాయి ఈ పరీక్షకు వచ్చింది,” అన్నారు. “మూడో ప్రయత్నం. అదే ఆఖరు. సర్టిఫికెట్ లేకపోతే ఆమె ఆసుపత్రి ఉద్యోగంలో ఉంచుకోదు.”

ఆ రోజు ఆమె ముందు ఒక ఎముకల స్కాన్ ఫిల్ము పెట్టారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న ముసలాయనది. కుడి తుంటి మీద నల్లటి మచ్చ. క్యాన్సర్ ఎముకకు పాకిందన్నదే జవాబు. మిగతా అభ్యర్థులందరూ అరనిమిషంలో చెప్పేశారు. యశోద ఫిల్ముకేసి చాలాసేపు చూసి, “ఇక్కడ నొక్కితే ఈయనకు నొప్పి ఉందా సర్?” అని అడిగింది.

“ఫిల్ముకు నొప్పి పుట్టదమ్మా,” అన్నారు వరదాచారి గారు. పక్కనున్న పరీక్షకుడు పెద్దగా నవ్వాడు.

“బట్టలు మార్పించి మళ్లీ తీశారా?”

“నీ పని ఉన్న ఫిల్ము చదవడం.”

“అయితే ఇది క్యాన్సరని నేను సంతకం పెట్టను సర్.”

“నీ సర్టిఫికెట్ మీద మేం కూడా పెట్టం,” అని ఆయన ఆమెను ఫెయిల్ చేశారు.

ఆ స్కానుకు ఎక్కించే మందు మూత్రంలో బయటికి పోతుంది. ఒక్క చుక్క బట్ట మీద పడినా ఫిల్ములో ఎముక మీది మచ్చలాగే కనిపిస్తుంది. ఇది ఆయనే ఏటా పాఠం చెప్పేవారు. పైగా ఆ ఫిల్ము ఆయన సొంత ఆసుపత్రిది. పాకిందని రిపోర్టు రాసిందీ, పరీక్షకు అదే జవాబని ఇచ్చిందీ ఆయనే. వారం తర్వాత మనసాగక ఆ రోగిని వెతికి పట్టుకున్నారు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. తుంటికి రేడియేషన్ ఇచ్చాక ఎముక పెళుసై విరిగింది. చేతికర్ర లేనిదే నడవలేడు.

“స్కాన్ రోజు కంగారులో ప్యాంటు తడిసింది డాక్టర్. ఆ నర్సుపిల్లకు చెప్పడానికి సిగ్గేసింది,” అన్నాడాయన. మళ్లీ స్కాన్ తీస్తే విరిగినచోటు తప్ప ఇంకెక్కడా మచ్చ లేదు. పాత ఫిల్ములో మచ్చ పడింది ఆ చోటైనా కాదు, నాలుగు వేళ్లు పక్కన. సంగతంతా చెబితే ముసలాయన ఏడ్చి, వరదాచారి గారి చేతులు పట్టుకుని, “పోనీలెండి, క్యాన్సర్ పాకలేదు కదా,” అని దణ్ణం పెట్టినంత పని చేశాడు.

“మరి యశోద?” అన్నాడు ఇమ్మానుయేలు.

“ఆ ఫిల్మును ప్రశ్నల్లోంచి తీయించాను.”

“కారణం ఏం రాశారు?”

“పాతబడింది అని.”

ఇమ్మానుయేలు లేచి నిలబడ్డాడు. “అంటే ఆమెకు చెప్పలేదు! బోర్డు పరువు కోసమా సర్?”

“నా పరువు కోసం. బోర్డుకేం తెలుసు, పాపం.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఆమె ఇంకెక్కడా ఫిల్ములు చదవడం లేదని విన్నాను. ఎంతమంది రోగులకు ఆ కళ్లు లేకుండా చేశానో లెక్క తేలదు.”

ఇమ్మానుయేలు మళ్లీ కూర్చున్నాడు. “రేపు నాకూ అనుమానం వస్తే అడగనా? ఫెయిల్ చేస్తారేమో,” అన్నాడు.

“చేస్తారు. అడుగు,” అన్నారు వరదాచారి గారు. “నీకిది మొదటిసారే. ఫెయిలైతే మళ్లీ రావచ్చు. ఫెయిల్ చేసినవాడికి ఆ వీలు లేదు.”