నీలం అంటిన వేలు

బానలో పచ్చనే చీరమ్మా
పైకొచ్చి ఊపిరి తీయమ్మా
...
నీలాల నవ్వులు నవ్వమ్మా

మూడో వరుస పోయింది. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చేసరికి ఆ వరుస తెలిసినవాళ్ళెవరూ మిగల్లేదు. ఇది అద్దకంవాళ్ళ పాట. నీలిమందు బానలో ముంచిన బట్ట పైకి తీసినప్పుడు పచ్చగానే ఉంటుంది. గాలి తగిలాక, మనం చూస్తూ ఉండగానే, నీలంగా మారుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు వింతే. ఆ పాట పాడుకునే వీధిలో చెప్పుకునే కథ ఇది.

ఒక ఊళ్ళో ఒక వైద్యుడుండేవాడు. ఆయన గుమ్మం ముందు ఒక కాపలాదారు ఉండేవాడు. ఎవరిని ముందు లోపలికి పంపాలో కాపలాదారు గోళ్ళు చూసి తేల్చేవాడు. ఊపిరి అందనివాళ్ళ గోళ్ళు నీలంగా మారతాయి కదా. అద్దకంవాళ్ళ గోళ్ళు ఎప్పుడూ నీలమే. "మీవి ఎప్పుడూ ఇంతేగా" అని వాళ్ళను వరస చివర నిలబెట్టేవాడు. అలా చివర నిలబడ్డవాళ్ళలో కొందరికి గుమ్మం దాటే పని పడలేదు. వరసలోనే పోయారు.

అప్పుడు దూరదేశం నుంచి ఒకతను తాను చేసిన దీపం తెచ్చాడు. ఊళ్ళోవాళ్ళ వేళ్ళు చూపించి చూపించి దానికి ఊపిరి గుర్తుపట్టడం నేర్పాడు. దాని ముందు వేలు పెడితే చాలు. ఊపిరి చాలినవాళ్ళకు వత్తి తెల్లగా వెలుగుతుంది, చాలనివాళ్ళకు ఎర్రబడుతుంది. అద్దకం వీధి అంతా ఊరట పడింది. మనిషికి మన వీధి తెలుసు గానీ దీపానికేం తెలుసు, ఇక మనల్నీ అందరితో పాటే చూస్తుంది అనుకున్నారు.

దీపం అందరితో పాటే చూసింది. అద్దకంవాళ్ళు ఎవరు వేలు పెట్టినా తెల్లగానే వెలిగింది.

ఒక పొద్దున అద్దకం వీధిలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు బాన దగ్గర పని చేస్తున్నారు. ఉన్నట్టుండి చెల్లెలికి ఊపిరి అందలేదు. అక్క ఆమెను భుజాన వేసుకుని వైద్యుడి గుమ్మం దాకా వచ్చింది. అక్క కొంగు ఇంకా బాన నీళ్ళతో తడిగానే ఉంది. చెల్లెలు మెట్టు మీద కూలబడింది. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకుంటోంది.

కాపలాదారు చెల్లెలి వేలు దీపం ముందు పెట్టాడు. వత్తి తెల్లగా వెలిగింది.

"బాగానే ఉంది. ఇంటికి తీసుకుపో."

"దాని మొహం చూడయ్యా."

"మొహాలు చూడ్డం మానేశానమ్మా. పంపేది నేను కాదు, దీపం."

దీపం చేసినవాడు ఆ పొద్దున అక్కడే ఉన్నాడు. నెలకోసారి వచ్చి వత్తి మార్చి, నూనె పోసి వెళ్ళేవాడు. అక్క అతని దారికి అడ్డంగా నిలబడింది.

"నాయనా, దీనికి నేర్పింది నువ్వేనా?"

"నేనే. ఇది అబద్ధం చెప్పదు."

"అబద్ధమని నేననలేదు. నేర్పేటప్పుడు ఎవరి వేళ్ళు చూపించావు?"

"పైవీధిలో వెయ్యిమందివి."

"మా వీధిలో?"

అతను ఉన్నమాటే చెప్పాడు. "మీ వీధి మొదట్లోకి వచ్చాను. బానల వాసన పడక తిరిగి వెళ్ళిపోయాను."

"ఆ వాసనకు మేమూ ముక్కు మూసుకునేవాళ్ళమే, పుట్టిన కొత్తలో" అంది అక్క. "సరే. చెయ్యి ఇటివ్వు."

అతని చూపుడువేలికి తన కొంగులో గాలి తగలని తడి మడత చుట్టి, గట్టిగా పిండి, విప్పింది. వేలు పచ్చగా ఉంది. గాలి తగిలి మెల్లగా నీలమయింది. అతను ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు.

"ఇప్పుడు ఊపిరి బిగపట్టు. నేను చెప్పేదాకా వదలకు."

అతను బిగపట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క ముందు అతని శుభ్రమైన వేలు దీపం ముందు పెట్టింది. వత్తి ఎర్రబడింది. దాన్ని తీసి పక్కనే ఉన్న నీలం వేలు పెట్టింది. వత్తి తెల్లగా, నిమ్మళంగా వెలిగింది.

మనిషి ఒకడే. ఊపిరీ ఒకటే.

"అయ్యా, వదలండి, మీ మొహం నల్లబడుతోంది" అన్నాడు కాపలాదారు కంగారుగా. అనేశాక ఆగిపోయాడు. మెట్టు మీదున్న చెల్లెలి వైపు తిరిగి, ఆమె మొహం చూశాడు. అతనే వంగి ఆమెను రెండు చేతులా ఎత్తి లోపలికి తీసుకువెళ్ళాడు.

వైద్యుడు ఆవిరి పట్టించాడు, మందు పోశాడు, వీపు నిమిరాడు. అక్క గోడకు ఆనుకుని చెల్లెలి ఛాతీనే చూస్తూ కూర్చుంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చెల్లెలు కళ్ళు తెరిచి, మధ్యలో ఎక్కడా ఆగకుండా అడిగింది.

"అక్కా, బాన మీద మూత పెట్టి వచ్చావా లేదా?"

"పెట్టలేదే" అని అక్క నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఆ రోజు ఆ బానలో రంగంతా పాడైపోయింది. ఆ మాట వాళ్ళిద్దరూ తర్వాత ఎంత సంతోషంగా చెప్పుకునేవారో.

దీపం చేసినవాడు దీపాన్ని గుమ్మం నుంచి విప్పి అద్దకం వీధికి తెచ్చాడు. మూడు నెలలు ఉన్నాడు. వాకిలి వాకిలికీ వెళ్ళి, ముసలివాళ్ళవీ పసివాళ్ళవీ, లేతనీలం వేళ్ళూ ముదురునీలం వేళ్ళూ దానికి చూపించాడు. మొదటి వారం ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. తర్వాత గుడ్డ మరిచిపోయాడు. అతని వేలి నీలం మాత్రం ఎంత తోమినా పోలేదు.

"ఇక పైవీధిలో నీకు పిల్లనివ్వరు అబ్బాయీ" అని ఆడవాళ్ళు ఏడిపించేవారు. "ఇక్కడే ఎవరినో చూసుకో, గోళ్ళన్నా కలుస్తాయి."

దీపం మళ్ళీ గుమ్మానికి ఎక్కింది. ఇప్పుడు నీలం వేళ్ళకూ ఎర్రబడాల్సినప్పుడు ఎర్రబడుతోంది. కాపలాదారు కూడా దీపం చూసి ఊరుకోవడం లేదు, ఎవరొచ్చినా ముందు మొహం చూస్తున్నాడు. చెల్లెలు బాన దగ్గర పాట అందుకుంటోంది.

అతను ఊరు వెళ్ళేరోజు అక్క రేవు దాకా వచ్చింది. దారిలో తినమని మూట కట్టి ఇచ్చింది.

"మంచి పని చేశావు నాయనా. ఇప్పుడు దీపానికి అందరూ తెలుసు. ఇక ఇంటికెళ్ళి హాయిగా పడుకో."

అతను పడవలో ఒక కాలు పెట్టాడు. రెండోది పెట్టకుండా, అవతలి ఒడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. పడవవాడు కానివ్వమన్నాడు. అతను వెనక్కి తిరిగి అడిగాడు.

"అక్కా, ఏటికి అవతల ఉప్పు పండించేవాళ్ళు ఉంటారటగా. వాళ్ళ వేళ్ళు ఎలా ఉంటాయి?"