సింగారి తోక బొచ్చు

ఒకప్పుడు ఎలుక తోక ఇప్పటిలా బోడిగా ఉండేది కాదు. దాని నిండా గుబురుగా, మెత్తగా, ఊపితే గాలి వచ్చేంత బొచ్చుండేది. తుమ్మెదకేమో ఒంటిమీద ఒక్క వెంట్రుకైనా లేదు. చింతగింజలా నున్నగా ఉండేది, పాపం.

గుమ్మడి పాదు కింద కన్నంలో సింగారి అనే ఎలుక కాపురం. దానికి తన తోకంటే మహా మురిపెం! పొద్దున లేస్తే ముల్లుతో దువ్వుకోవడం, మంచుకు తడిసిందేమోనని ఎండలో ఆరబెట్టుకోవడం. చెట్టు మీది ఉడుత చూసి కుళ్ళుకుందంటే ఆ రోజు సింగారికి పండగే.

ఆ ఏడు పుష్యమాసంలో చలి ఎముకలు కొరికేసింది. సింగారికి ఐదుగురు పిల్లలు. గుమ్మడి గింజలే వాళ్ళ తిండి. దాచిన గింజలు అడుగంటాయి. పాదు నిండా పూలు పూస్తున్నాయి గానీ ఒక్కటీ పిందె కట్టడం లేదు.

“ఏమే తుమ్మెదా! పూలన్నీ తిరిగి పుప్పొడి మోసేదానివి, ఎక్కడ చచ్చావే?” అని ఓ సాయంత్రం అరిచింది సింగారి.

ఆకు కింద తుమ్మెద గజగజ వణుకుతోంది. “గుమ్మడిపువ్వు తెల్లారగట్ల విచ్చుకుంటుందక్కా. ఆ చలికి నాకు రెక్క ఆడదు. ఎండెక్కి నేను లేచేసరికి పూలన్నీ ముడుచుకుపోతున్నాయి. ఇంక నావల్ల కాదు.”

కాయ లేకపోతే గింజ లేదు. గింజ లేకపోతే పిల్లలు లేరు. కన్నంలో అప్పటికే చిన్నది ఆకలికి ఏడుస్తోంది.

సింగారి తన తోక వంక చూసుకుంది. తుమ్మెద వంక చూసింది. మళ్ళీ తోక వంక చూసుకుంది. “ఛీ, నా ఖర్మ!” అంటూ కళ్ళు గట్టిగా మూసుకుని బొచ్చంతా పటపటా కొరికేసింది. ఏడుస్తూనే తుమ్మెద ఒంటికి వేపబంక పూసి, కుచ్చులు కుచ్చులుగా అంటించింది.

“అక్కా, మరి నీ తోక?” అంది తుమ్మెద.

“తోకతో గింజలు తింటామటే! రేపు పొద్దున ఆలస్యం చేశావో, చూడు మరి!”

తెల్లారేసరికి పాదంతా జుమ్మని మోగిపోయింది. పిందెలు కట్టాయి, కొన్నాళ్ళకి కాయలు ఊరాయి, వాటి నిండా గింజలు. సింగారి బోడితోక చూసి ఉడుత పకపకా నవ్వింది. సింగారికి ఉక్రోషం ముంచుకొచ్చింది. అంతలో బుగ్గ నిండా గింజ కుక్కుకున్న చిన్నది కనిపించింది. “నవ్వుకోనీలే” అనుకుంది.

అప్పటినుంచే ఎలుక తోక బోడిది, తుమ్మెద ఒళ్ళంతా బొచ్చు. ఎంత చలి పొద్దయినా అది పూల మీదికి బయల్దేరుతుంది. ఇంకోటి చెప్పనా? ఎలుక వదిలేసి వెళ్ళిన కన్నం కనిపిస్తే చాలు, తుమ్మెద అందులో దూరి గూడు పెట్టుకుంటుంది. మరి ఆ బొచ్చుకి పుట్టిల్లు అదేగా!