మూడిళ్ల గేదె

చెబితే నవ్వుతారు గాని, పూర్వం ఒక రాజుగారు గుమ్మలపాడు అనే ఊళ్లో మూడిళ్లకు గోబర్ గ్యాస్ గొయ్యి కట్టించారు. ఆ మూడిళ్లలోనూ ఒక్క గొడ్డు లేదు. గేదె ఉన్న నాంచారమ్మకు మాత్రం మొదట ఒక్క ఇటుక కూడా రాలేదు.

అదెలా జరిగిందో వినండి.

రాజ్యంలోని అడవంతా వంటచెరకు కిందే పోతోంది. అందుకని రాజుగారు దండోరా వేయించారు. "గొడ్డున్న ప్రతి రైతు ఇంటా పేడతో వెలిగే పొయ్యి పెట్టిస్తాం. ఇటుక, సున్నం, కూలి అన్నీ ఖజానావే!"

నాంచారమ్మ సంబరపడింది. తడికట్టెలు ఊదీ ఊదీ ఆమెకు కళ్లు మసకబారుతున్నాయి. మంత్రిగారు తనిఖీకి వస్తున్నారని విని, ఊరికంతటికీ ఉన్న ఆ ఒక్క గేదెను కడిగి కొమ్ములకు నూనె రాసింది.

అంతలో ఊరిపెద్ద భద్రయ్య వచ్చాడు. "అక్కా, నీ గేదెను కాసేపు మా పెరట్లో కట్టుకోనివ్వు. మంత్రిగారు నీ ఇంటికొచ్చేసరికి అది నీ కొట్టంలో ఉంటుంది."

ఊరిపెద్దను కాదంటే బాగుండదని ఆమె పలుపు అతని చేతికిచ్చింది.

మంత్రిగారు భద్రయ్య ఇంట గేదెను చూశారు. ఆయన వీధి వెంట నడిచి కరణం ఇంటికి వెళ్లేలోపు గేదె దొడ్డిదారిన అక్కడికి చేరింది. ఆ తర్వాత షావుకారు ఇంటికీ అలాగే చేరింది.

"మీ ఊరి గేదెలన్నిటికీ ఎడమకొమ్ము వంకరేనా?" అన్నారు మంత్రిగారు.

"ఈ ఊరి నీళ్లే అంతండి," అన్నాడు భద్రయ్య.

షావుకారు పెరట్లో చల్లని బురదగుంట ఉంది. గేదె అందులో చతికిలబడింది. "ముగ్గురికి గేదెనయ్యాను. ఇక లేవను," అంది. తోక మెలిపెట్టినా లేవలేదు.

నాంచారమ్మ కొట్టం ఖాళీ. "నా గేదె షావుకారింట ఉందండి," అంది పాపం.

"అది షావుకారి గేదె. ఇప్పుడేగా చూశాను! పక్కింటి గేదెను చూపించి సాయం అడుగుతావా?" అని మంత్రిగారు వెళ్లిపోయారు. పొద్దుగూకాక గేదె తనంతట తానే లేచి కొట్టానికి వచ్చేసింది.

మూడు గోతులూ తయారయ్యాయి. పొయ్యి వెలగడం చూడటానికి రాజుగారే వస్తున్నారని కబురొచ్చింది. ముగ్గురూ తట్టలు పట్టుకుని నాంచారమ్మ గుమ్మంలో నిలబడ్డారు.

"కాస్త పేడ పెట్టక్కా!"

"పెట్టను."

"పేడేగా అక్కా!"

"గేదేగా అని ఇచ్చి చూశాను. చాలు."

రాజుగారు వచ్చారు. ఒక్క పొయ్యీ వెలగలేదు. "మీ గేదెలేవయ్యా?" అని అడిగారు.

"మేతకెళ్లింది ప్రభూ," అన్నాడు భద్రయ్య.

"పుట్టింటికెళ్లింది ప్రభూ," అన్నాడు కరణం.

"కాలం చేసింది ప్రభూ," అని షావుకారు కళ్లొత్తుకున్నాడు.

నాంచారమ్మ కొట్టంలోంచి గేదె తల బయటపెట్టింది. "మేతకెళ్లినదాన్నీ నేనే, పుట్టింటికెళ్లినదాన్నీ నేనే, చచ్చినదాన్నీ నేనే. ప్రస్తుతం నెమరేసుకుంటున్నాను మహారాజా!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. వంకర కొమ్ము చూసి మంత్రిగారు మాత్రం నవ్వలేదు.

"నీ గేదెను ఎందుకిచ్చావమ్మా?" అన్నారు రాజుగారు.

"మొహమాటం ప్రభూ. ఆ తప్పు నాదే."

గోతుల్లోని ఇటుకలన్నీ ఊడదీసి ఆమె ఇంటికి మోసుకెళ్లమని ముగ్గురికీ రాజాజ్ఞ అయింది. ఆమె అడ్డు చెప్పింది. "ఒక్క గేదెకు చిన్న గొయ్యి చాలు ప్రభూ. మిగతావి పొరుగూళ్లలో గొడ్లున్న వాళ్లకిప్పించండి." అలాగే ఇప్పించారు. ఊరిపెద్ద నెత్తిన ఇటుకల తట్ట చూడటానికి ఊరంతా అరుగులెక్కింది.

నాంచారమ్మ పొయ్యి పొగ లేకుండా నీలంగా వెలిగింది.

మరుసటేడు ఎడ్లు, గేదెలు తిప్పే గానుగలకు రాజుగారు సాయం ప్రకటించారు. భద్రయ్య మళ్లీ గుమ్మంలోకి వచ్చి, "అక్కా, ఒక్క పూట..." అన్నాడు.

"కూర్చో, మజ్జిగ తాగు. గేదె మాత్రం కొట్టం దాటదు," అంది నాంచారమ్మ. అది ముసలిదై చనిపోయేదాకా ఏ తనిఖీకీ దాని పలుపు విప్పి ఎవరి చేతికీ ఇవ్వలేదు.

అరువు గేదె లెక్కకు వస్తుంది గాని, పొయ్యి వెలిగించదు. మొహమాటానికి పోయి మన హక్కును మరొకరి పెరట్లో కట్టకూడదు.