ఈరన్న ఎంచుకున్న కృష్ణజింక

ఎర్రదిన్నె అనే అడవిలో కృష్ణజింకలు, అడవిదున్నలు, ముంగిసలు, ఉడుతలు, నెమళ్ళు కలిసిమెలిసి బతికేవి. వానాకాలంలో ఆ అడవికి ఏ లోటూ ఉండేది కాదు. వేసవి వచ్చిందంటే మాత్రం వాగులు ఎండిపోయేవి. చెలమల్లో కూడా నీరు ఊరేది కాదు. అప్పుడు జంతువులన్నీ నీలాల మడుగుకు వలస వెళ్ళేవి.

ఆ మడుగు చేరాలంటే పరుపుబండ దాటాలి. అది చెట్టూ పుట్టా లేని రాతి నేల. దాని అవతలి అంచు కంటికి ఆనదు. ఎండకు పెనంలా కాలుతుంది. గిట్టలున్న పెద్ద జంతువులు ఎలాగో దాటేవి. చిన్న జంతువులు అడుగు పెడితే పాదాలు బొబ్బలెక్కేవి. అందుకని అవి పెద్ద జంతువుల వీపు మీద ఎక్కి వెళ్ళేవి. దానికి బదులుగా వానాకాలం, చలికాలం ఆ జంతువు ఒంటి మీద రక్తం పీల్చే పిడుదులను ఏరిపెట్టేవి. ఒక కుటుంబం ఒక జంతువుకు చాకిరీ చేసేసరికే పొద్దు గడిచిపోయేది. కాబట్టి ఎవరిని ఎంచుకున్నా ఆలోచించి ఎంచుకోవాలి.

ఆ అడవిలో ఈరన్న అనే ఉడుత ఉండేవాడు. అతని భార్య సుంకమ్మ. లేకలేక పుట్టిన కూతురు జాజి. చాలా ఏళ్ళుగా వాళ్ళను మోసిన ముసలి దుప్పి ఆ ఏడు వానలు మొదలవగానే కన్నుమూసింది. వాళ్ళు కొత్త వాహనం వెతుక్కోవలసి వచ్చింది.

"బసన్నను అడుగుదామయ్యా. తిమ్మక్క కుటుంబం ఎప్పటినుంచో ఆయన వీపు మీదే వెళ్తోంది. మనకూ చోటుంటుంది" అంది సుంకమ్మ.

బసన్న ఒక అడవిదున్న. తిమ్మక్క పక్క పుట్టలో ఉండే ముంగిస. ఈరన్న అయిష్టంగానే వెళ్ళి బసన్న వీపు ఎక్కి చూశాడు. బసన్న మెల్లగా నాలుగడుగులు వేశాడు. బురదగుంట కనిపించగానే అందులోకి దిగి బొర్లాడు. ఈరన్న తోకంతా బురదైంది. పైకి లేచాక మళ్ళీ అదే నడక. పక్కనే పోతున్న నత్తను దాటడానికి కూడా బసన్న తొందరపడలేదు.

"ఇది ప్రయాణమా, కునుకుపాటా?" అని విసుక్కుంటూ ఈరన్న దిగి వచ్చేశాడు.

తిరిగి వస్తుంటే పచ్చికబయలులో చెంగడు కనిపించాడు. చెంగడు వయసులో ఉన్న కృష్ణజింక. మెలికలు తిరిగిన కొమ్ములు, నిగనిగలాడే నల్లని వీపు. అతను గంతు వేస్తే పొదలు కింద ఉండిపోయేవి.

"ఒకసారి ఎక్కి చూడనా?" అని అడిగాడు ఈరన్న.

"దానికేం, ఎక్కు" అన్నాడు చెంగడు.

ఈరన్న కొమ్ము మెలికలో కూర్చుని గట్టిగా పట్టుకున్నాడు. చెంగడు లేచాడు. గాలి చెవుల్లో హోరుమంది. గడ్డి పచ్చని చారలా వెనక్కి పోయింది. చిన్నప్పటినుంచి ఈరన్న ముసలి జంతువుల మీదే వెళ్ళాడు. ప్రతి వేసవిలోనూ ముందు పోయేవాళ్ళ దుమ్మే తిన్నాడు. ఇప్పుడు మొదటిసారి ఎవరూ తనకంటే ముందు లేరు. నెమళ్ళు మెడలు తిప్పి చూశాయి. అతనికి తెలియకుండానే కేరింత కొట్టాడు.

ఆ సాయంత్రం అతను ఇంటికి చెంగడిని వెంటబెట్టుకునే వచ్చాడు.

తిమ్మక్క పుట్ట మీదనుంచి ఇదంతా చూసి, చెంగడిని అడిగింది. "పచ్చికలో నీ పరుగు చూడముచ్చటగా ఉంటుంది నాయనా. మరి పరుపుబండ మీద ఎలా ఉంటుంది?"

చెంగడు అబద్ధమాడేవాడు కాదు. "రాతి మీద నా గిట్టల సంగతి నాకే తెలియదు అత్తా. బాగున్నంతసేపు గాలిలా పోతాను. కిందటి వేసవిలో సగం దారిలో గిట్ట చీలింది. ఒంటరివాణ్ణి కాబట్టి కుంటుకుంటూ బయటపడ్డాను" అన్నాడు.

"విన్నావా తమ్ముడూ?" అంది తిమ్మక్క.

"విన్నాను. గాలిలా పోతాడట! నువ్వు ఆ బురదగుంటలోనే ఊరేగు తిమ్మక్కా" అని నవ్వాడు ఈరన్న.

రాత్రి గూట్లో సుంకమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తింది. "మనమిద్దరమే అయితే ఏదో ఒకటి. పిల్ల ఉంది కదయ్యా."

"పిల్లకు మాత్రం సరదా వద్దా? పొద్దు నడినెత్తికి రాకముందే మడుగులో ఉంటాం. నన్ను నమ్ము."

సుంకమ్మ అతని ముఖంలోకి చూసింది. పెళ్ళయినప్పటినుంచి అతన్ని అంత సంతోషంగా ఆమె చూడలేదు. "సరేలే, నీ ఇష్టం" అంది.

ఆ వానాకాలం, చలికాలం వాళ్ళు చెంగడికి పిడుదులు ఏరారు. ప్రతి సాయంత్రం ఈరన్న పచ్చికలో షికారు చేసి వచ్చేవాడు. ఆ రోజులు నిజంగానే బాగా గడిచాయి.

వేసవి వచ్చింది. ఆఖరి చెలమ కూడా ఇంకిపోయింది. సుంకమ్మ చెలమ అడుగున మిగిలిన తడి నాచును మోదుగాకులో చుట్టి చిన్న పొట్లం కట్టుకుంది. తెల్లవారుతూనే అందరూ బయలుదేరారు. బసన్న ఒళ్ళంతా బురద దట్టంగా పట్టించుకుని వచ్చాడు. అతని వీపు నిండా తిమ్మక్క, ఆమె పిల్లలు, ఇంకా రెండు ఎలుకల కుటుంబాలు కూర్చున్నాయి. దున్నలు తిన్నగా వెళ్ళవు. చుట్టుదారిలో ఒక రాతి చరియ ఉంది. దాని నీడలో మధ్యాహ్నం ఆగి, ఎండ వాలాక మళ్ళీ నడుస్తాయి.

చెంగడు తిన్నగా పరుపుబండ మీదికి దూకాడు. వెనకనుంచి వచ్చి దున్నలను దాటిపోయాడు.

"తిమ్మక్కా! మడుగు ఒడ్డున మీకు మంచి చోటు చూసి ఉంచుతాలే!" అని అరిచాడు ఈరన్న.

జాజి కిలకిలా నవ్వింది. "ఇంకా జోరుగా నాన్నా! ఇంకా జోరుగా!" కొమ్మును కరుచుకుని కూర్చున్న సుంకమ్మకు కూడా నవ్వు ఆగలేదు. "బాగుందయ్యా. నిజంగానే బాగుంది" అంది.

ఆ మాట ఈరన్న గుండెల్లో తేనెలా దిగింది.

పరుపుబండ సగం దాటారో లేదో, టప్పుమని చప్పుడైంది. చెంగడు తూలి, రెండు తప్పటడుగులు వేసి ఆగిపోయాడు. ముందు కాలి గిట్ట నిలువునా చీలింది. రాతి మీద రక్తం పడి, చూస్తుండగానే ఎండిపోయింది.

"ఇక నడవలేను ఈరన్నా" అన్నాడు చెంగడు.

ఈరన్న చుట్టూ చూశాడు. ఎటు చూసినా రాయి. ఎటు చూసినా ఎండ. కిందికి దిగబోయి పాదం కాలి మళ్ళీ పైకి ఎగబాకాడు. పొద్దు ఎక్కింది. చెంగడు మెల్లగా పక్కకు తిరిగి, తన నీడ రాతి మీద పడేలా నిలబడ్డాడు. కాసేపటికి ఆ నీడలో రాయి కొంచెం చల్లబడింది. ముగ్గురూ దిగి అక్కడ ముడుచుకుని కూర్చున్నారు. చెంగడు మూడు కాళ్ళ మీద వణుకుతూ, కూర్చోకుండా అలాగే నిలబడ్డాడు.

సుంకమ్మ పొట్లం విప్పింది. నాచును పిండి జాజి నోట్లో చుక్క వేసింది.

"నువ్వూ తాగు" అన్నాడు ఈరన్న.

"నాకు దాహంగా లేదు" అంది సుంకమ్మ.

మళ్ళీ జాజికే వేసింది. ఒకసారి బలవంతాన ఈరన్న నోట్లో కూడా పిండింది. నాచు పొడిపొడిగా రాలేదాకా ఆమె తన పెదవులకు తాకించలేదు. తన తోకను పిల్ల మీద గొడుగులా పరిచింది. పొద్దు నడినెత్తి మీదికి వచ్చాక చెంగడి నీడ చిన్నదైపోయింది. అందరికీ చోటు చాల్లేదు. సుంకమ్మ కొంచెం కొంచెంగా ఎండలోకి జరిగింది. ఈరన్న తల వంచుకుని ఉన్నాడు. అతను అది గమనించలేదు.

"సుంకమ్మా, నేను..." అని మొదలుపెట్టాడు కాసేపటికి.

"ఇప్పుడెందుకయ్యా అవన్నీ" అంది ఆమె. గొంతు చాలా నీరసంగా ఉంది. "పిల్లను పడుకోబెట్టు."

కాసేపటికి పిల్ల మీద పరిచిన ఆమె తోక మెల్లగా నేలకు వాలింది.

ఎండ వాలాక చరియ నీడనుంచి దున్నలు బయలుదేరాయి. బసన్న వీపు మీదనుంచి తిమ్మక్క దూరాన నల్లని మచ్చను చూసింది. "అది చెంగడు కాదూ? ఎందుకలా నిలబడ్డాడు?" అంది. బసన్న మంద దారి విడిచి అటు తిరిగాడు, మిగతా దున్నలూ అతని వెనకే నడిచాయి.

అతని ఒంటి మీది బురద పైన బీటలిచ్చినా లోపల ఇంకా తడిగానే ఉంది. తిమ్మక్క జాజిని ఆ తడిలో పడుకోబెట్టింది. జాజి కళ్ళు తెరిచింది. తర్వాత తిమ్మక్క సుంకమ్మ దగ్గరికి వంగింది. చేయి పట్టి చూసింది. మెల్లగా ఆ చేతిని కింద పెట్టింది.

"ఈరన్నా..." అంది.

"నిద్రపోయిందక్కా. అలిసిపోయింది" అన్నాడు ఈరన్న. అతనికి తెలుసు. తెలిసే అన్నాడు.

ఆ రాతి నేల మీద గుంట తవ్వడానికి మట్టి లేదు. తిమ్మక్క, ఆమె పిల్లలు గులకరాళ్ళు ఏరి తెచ్చి సుంకమ్మను కప్పారు. దున్నలన్నీ చుట్టూ నిలబడి నీడ పట్టాయి. తర్వాత బసన్న చెంగడిని తన భుజానికి ఆనుకోమన్నాడు. అందరూ అతని కుంటి నడకతో సమంగా నడిచి మడుగు చేరారు.

ఆ వేసవిలో నీలాల మడుగు నిండుగా ఉంది. తిమ్మక్క పిల్లలు కడుపునిండా తిని బలంగా ఎదిగారు. రోజూ జాజిని ఆటకు పిలిచేవారు. ఈరన్న మాత్రం ఒడ్డున ఒక కొమ్మ మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తూ ఉండేవాడు.

ఒకరోజు చెంగడు కుంటుకుంటూ వచ్చి ఆ కొమ్మ కింద నిలబడ్డాడు. "నన్ను తిట్టు ఈరన్నా. నాలుగు దెబ్బలు కొట్టినా పడతాను."

"నిన్నెందుకు తిట్టాలి? నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పావు. నేను నాకు నచ్చిన సగమే విన్నాను" అన్నాడు ఈరన్న.

చెంగడు ఆ కొమ్మ కిందే కూర్చున్నాడు.

తొలకరి పడింది. తిరిగి ఎర్రదిన్నెకు వెళ్ళే రోజు వచ్చింది. ఈరన్న ఎవరినీ అడగలేదు. అడిగే మొహం తనకు లేదనుకున్నాడు. బసన్నే అతని కొమ్మ కిందికి వచ్చి ఆగాడు.

"ఎక్కు" అన్నాడు.

"నీకు ఒక్క పిడుదూ ఏరలేదు బసన్నా. పైగా నిన్ను ఎగతాళి చేశాను."

"రేపటినుంచి ఏరుదువులే. ముందు పిల్లను ఎక్కించు."

ఈరన్న జాజిని ఎక్కించి, తానూ ఎక్కాడు. జాజి వాళ్ళమ్మ ఎక్కడుందని అడగలేదు. తండ్రి తోకను గట్టిగా పట్టుకుని కూర్చుంది. దున్నలు చుట్టుదారి పట్టాయి. కొంత దూరం పోయాక బసన్న ఒక్కడే మందనుంచి విడిపోయి పరుపుబండ నడిమికి నడిచాడు. గులకరాళ్ళ కుప్ప దగ్గర ఆగి, ముందుకాళ్ళు మడిచి కిందికి వంగాడు.

వానకు రాయి చల్లగా ఉంది. ఈరన్న కూతురి చేయి పట్టుకుని దిగాడు. ఆ కుప్ప పక్కన కూర్చుని, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చాడు. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని లేవబోయాడు.

"నీకు ఆలస్యమవుతోంది బసన్నా. వెళ్దాం పద."

బసన్న కదల్లేదు.

"ఎంతసేపైనా కూర్చో ఈరన్నా. నాకేం తొందర లేదు" అన్నాడు.

నీతి: మనవాళ్ళను ఎక్కించే వాహనం ఎంత హుషారుగా పరుగెత్తుతుందో చూసి మురిసిపోకూడదు, అందరినీ క్షేమంగా చేరుస్తుందా లేదా అన్నదే ముందు చూసుకోవాలి.