ఒకే పెట్టెలోని రెండు బిళ్ళలు

"కాలిని బట్టి చెప్పులు అరుగుతాయా, చెప్పుల్ని బట్టి కాలు నడుస్తుందా? తొందరపడకుండా చెప్పండి," అంది మందాకిని టీచరు, చింతపండులోంచి గింజలు ఒలిచి పక్కన పెడుతూ.

అరుగు మీద ఆవిడకి ఎదురుగా మనవరాలు లహరి, మనవడు కౌశిక్ కూర్చున్నారు. కౌశిక్ ఆలోచించకుండానే, "కాలిని బట్టే చెప్పులు," అనేశాడు. లహరి తన చెప్పు తీసి తిరగేసి చూసింది. మడమ దగ్గర ఒక పక్కే అరిగి ఉంది. "రెండూను, అమ్మమ్మా," అంది.

"ఆధారం?"

ముప్ఫై ఒక్క ఏళ్ళు సైన్సు పాఠాలు చెప్పిన మనిషికి ఆధారం లేని జవాబు మింగుడు పడదు. తనను ఎవరైనా ఏదైనా అడిగినా తిన్నగా చెప్పే అలవాటు ఆవిడకి లేదు. చేయించి చూపిస్తుంది. చేయించడానికి వీలు కాకపోతే ఊరుకుంటుంది.

లహరి ఆధారం వెతుక్కునేలోగా గేటు దగ్గర జోగినాయుడి మోటారు సైకిలు ఆగింది. అతని ఒక చేతిలో ఆకుపచ్చ బిళ్ళ, ఇంకో చేతిలో కాగితం. మొహం కందగడ్డలా ఉంది.

ఆ సముద్రపు ఒడ్డు ఊళ్ళో, హైస్కూలు వెనక సరుగుడు తోటలో డిస్క్ గోల్ఫ్ ఆట మొదలుపెట్టింది మందాకిని టీచరే. పాత సైకిలు రిమ్ములకి గొలుసులు వేలాడదీయించి తొమ్మిది బుట్టలు కట్టించింది. పళ్ళెం లాంటి ప్లాస్టిక్ బిళ్ళని చెట్ల మధ్య నుంచి విసిరి, గొలుసులకి తగిలి బుట్టలో పడేలా చెయ్యాలి. ఎంత తక్కువ విసుర్లలో పడితే అంత గొప్ప. ఆ ఆటలో ఆవిడ తయారుచేసిన వాళ్ళలో మొదటివాడు జోగినాయుడు. ఇప్పుడు అదే బళ్ళో డ్రిల్లు మాస్టారు, క్లబ్బుకి కెప్టెను. ఆదివారం జిల్లా పోటీ.

"సంతకం పెట్టండి, టీచర్‌గారూ. క్లబ్బులో ఏడుగురు పెట్టేశారు. మీది ఎనిమిదోది."

ఆవిడ చేతులు కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది. తోటలో బిళ్ళల గదికి కాపలా ఉండే నూకాలుని ఈ సాయంత్రం అయిదింటి మీటింగులో పనిలోంచి తీసెయ్యాలని అందులో ఉంది. పద్నాలుగేళ్ళుగా ముళ్ళ కంచెల్లోంచీ, ఉప్పుటేటి బురదలోంచీ అందరి బిళ్ళలూ ఏరి తెచ్చి, కడిగి, ఎవరి పేరున్న అరలో వాళ్ళది పెట్టే మనిషి నూకాలు.

"ఏం చేసింది?"

"నా బిళ్ళ మార్చేసిందండి." జోగినాయుడు అరుగు అంచున కూర్చున్నాడు. "నాలుగేళ్ళ కింద ఒకే రోజు, ఒకే పెట్టెలోంచి రెండు ఆకుపచ్చ బిళ్ళలు తీసుకున్నాను. ఒకే అచ్చు, ఒకే బరువు. ఒకటి ఆడాను. రెండోది కాగితం చుట్టి బిళ్ళల గదిలో నూకాలు దగ్గర పెట్టాను. పోయిన వారం ఆడేదాని అంచు పగిలి వేలు కోసింది. మీరే కదా పక్కన పెట్టెయ్యమన్నారు. రెండోది విప్పాను. విసిరితే ఎడమకి పోయి తుప్పల్లో పడుతోంది. మూడు రోజులుగా ఇదే వరస. అసలుది ఎవరికో ఇచ్చేసి, ఇదేదో నాసిరకం పెట్టింది."

"కొత్త బిళ్ళ ఎడమకి వాలుతుందిగా, మాస్టారూ," అంది లహరి. వేసవి సెలవుల్లో ఆమె కూడా ఆడుతుంది.

"వాలడం వేరమ్మా, కూలడం వేరు. చెట్లకి తగిలి తగిలి అంచు మెత్తబడితే బిళ్ళ ఎడమకి వాలడం మానేస్తుందనీ, ఇంకా అరిగితే కుడికి తిరుగుతుందనీ పిల్లలకి పాఠం చెప్పేది నేనే." అతను టీచరు వైపు తిరిగాడు. "మీరే చెప్పండి. ఒకే పెట్టెలో పుట్టిన రెండు బిళ్ళలు, ఒకే చెయ్యి విసిరితే, ఇంత తేడాగా ఎగురుతాయా?"

ఆవిడ కాగితంలో ఒక వాక్యం మీద వేలు పెట్టింది. "'నూకాలు మీద మాకు చాలాకాలంగా అనుమానం ఉన్నది' అని రాశావు. ఎంతకాలంగా?"

జోగినాయుడు చెప్పు అంచుతో మట్టి గీశాడు. "మంగళవారం నుంచి."

"పగిలినది కూడా ఉందా నీ దగ్గర?"

"బండి పెట్టెలో ఉందండి."

"పద, తోటకి." కాగితం అతని చేతికిచ్చి, చింతపండు బుట్ట మీద పళ్ళెం బోర్లించి ఆవిడ లేచింది. పిల్లలిద్దరూ పిలవకుండానే వెంట నడిచారు.

నూకాలు గది బయట నేల మీద కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ లోపలికి వెళ్ళొద్దన్నారట. తాళంచెవి మాత్రం ఎవరూ అడగలేదు. అది కొంగు ముడిలోనే ఉంది. దొంగ అన్నవాళ్ళకి తాళంచెవి తీసుకోవాలని తోచకపోవడం చూస్తే, వాళ్ళ అనుమానం ఎంత గట్టిదో తెలిసిపోతోంది. టీచర్ని చూసి ఆమె లేచి నిలబడింది. జోగినాయుణ్ణి చూడలేదు.

"నూకాలూ, రోజూ ఆడేవాళ్ళకి బిళ్ళలు తిరిగి విసురుతావే, అలాగే ఈ ఆకుపచ్చదాన్ని మూడో బుట్ట వైపు విసురు," అంది టీచరు.

"దొంగ సేతికి బిళ్ళెందుకిత్తారమ్మా? ఇది కూడా మారిపోతాది."

"అందుకే అందరి ముందూ ఇస్తున్నాను. విసురు."

నూకాలు చెయ్యి కొంగుతో తుడుచుకుని బిళ్ళ అందుకుంది. ఆటలో చూపించే వేషాలేవీ లేవు. అరిటాకు పరిచినంత సమంగా విసిరింది. బిళ్ళ రెండు సరుగుళ్ళ మధ్య నుంచి తిన్నగా పోయి, చివర్లో కొంచెం ఎడమకి ఒరిగి, బుట్టకి రెండు బారల దూరంలో వాలింది.

"ఇప్పుడు నువ్వు," అంది టీచరు. కౌశిక్ పరుగెత్తి బిళ్ళ తెచ్చాడు.

జోగినాయుడు విసిరాడు. అతని విసురు చూడ్డానికి ఎంత అందంగా ఉంటుందో అందరికీ తెలుసు. బిళ్ళ సగం దారిలోనే ఎడమకి కూలి తుప్పల్లో దూరింది. "చూశారా?" అన్నాడు.

"చూశాను. ఇప్పుడు పగిలినది."

దాన్ని అతను విసిరితే తాడు కట్టి లాగినట్టు తిన్నగా పోయి గొలుసులు గలగలలాడించింది. అతని మొహంలో కాస్త వెలుగు వచ్చింది. అదే బిళ్ళని నూకాలు విసిరితే సగం దూరం పోయాక కుడికి తిరిగి, దారి తప్పిన కాకిలా ఉప్పుటేటి గట్టు మీద పడింది.

"మంచి బిళ్ళ దొంగకి పలకలేదు," అన్నాడు జోగినాయుడు. కానీ ఆ మాట చివరికి వచ్చేసరికి గొంతు కొంచెం తగ్గింది. నూకాలు చేతిలో పాతది కుడికి పోయింది. అరిగిన బిళ్ళ కుడికి పోవాలి. ఆ పాఠం తనదే. మరి తన చేతిలో ఎందుకు తిన్నగా పోయింది?

కౌశిక్ రెండు బిళ్ళలూ ఏరుకొచ్చాడు. టీచరు నేల మీద వెతికి, ఉసిరికాయంత సరుగుడు కాయ ఒకటి తీసింది. "కళ్ళు మూసుకో. కొత్త బిళ్ళ పట్టుకో. విసిరేటప్పుడు చేతిలోంచి వదిలేస్తావే, ఆ చోటుదాకా చెయ్యి తెచ్చి ఆపు. చెయ్యి సమంగా ఉంచావా?"

"సమంగానే ఉందండి."

ఆవిడ బిళ్ళ నడిమధ్య కాయని నిలబెట్టి వేలు తీసింది. అది దొర్లి, ఎడమవైపు అంచు మీదుగా కింద పడింది. కౌశిక్ కిసుక్కుమన్నాడు. టీచరు ఒక చూపు చూసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ దొర్లింది. మూడోసారి అతను పళ్ళు బిగించి, "ఇప్పుడు కచ్చితంగా సమంగా ఉంది, పెట్టండి," అన్నాడు. మూడోసారీ అదే అంచు నుంచి పడింది.

"నూకాలూ, నువ్వు పట్టుకో."

నూకాలు చేతిలో బిళ్ళ మీద కాయ కదలకుండా కూర్చుంది.

జోగినాయుడు కళ్ళు తెరిచి దాన్ని చూశాడు. పాత బిళ్ళ ఏదో ఒక వర్షాకాలంలో వెంట్రుకవాసి కుడికి పోవడం మొదలుపెట్టి ఉంటుంది. అది తిన్నగా పోవాలని చెయ్యి తనకు తెలియకుండానే వెంట్రుకవాసి ఎడమకి వంచి ఉంటుంది. అది ఇంకొంచెం, ఇది ఇంకొంచెం. నాలుగేళ్ళు. ఊరందరూ మెచ్చుకున్న ఆ విసురు, పగిలిన ఒక్క బిళ్ళకి మాత్రమే సరిపోయే విసురు. ఎవరూ ముట్టుకోని రెండో బిళ్ళ, కొన్న రోజున ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఈసారి కోప్పడడానికి అతనికి ఎదురుగా ఎవరూ కనపడలేదు.

జేబులోంచి కాగితం తీశాడు. "చింపేస్తానండి."

"చింపితే కాగితం పోతుంది. ఏడుగురి చెవుల్లో వేసినది పోతుందా?" టీచరు గొంతు పెంచలేదు. కానీ ఆవిడ దగ్గర చదువుకున్న వాళ్ళెవరికైనా ఆ గొంతు తెలుసు. బెత్తం కన్నా దానికే భయపడేవాళ్ళు. "మూడు రోజులు బిళ్ళని అనుమానించావు, గదిని అనుమానించావు, పద్నాలుగేళ్ళు నీ బురద కడిగిన మనిషిని అనుమానించావు. ఇంకొక్కటి మిగిలింది, దాని జోలికి మాత్రం పోలేదు. ఒక మనిషి తిండి తీసేసే కాగితానికి మంగళవారం నుంచి బేస్తవారం దాకా సరిపోయిందిరా నీకు?"

అతను నూకాలు వైపు తిరిగాడు. "తప్పయిపోయింది, నూకాలూ."

"ఇక్కడేటి సెప్తారు బాబూ. ఇక్కడున్నోలకి తెలిసిపోనాది కదా. ఆ ఏడిళ్ళకాడా సెప్పండి. నానూ వత్తాను."

"నువ్వెందుకు? నేను వెళ్ళి చెప్తానుగా."

"దొంగ అని మీరు సెప్పినప్పుడు నాను లేను. కాదని సెప్పినప్పుడైనా నానుండాల కదా."

నూకాలు కొంగు ముడి విప్పి గది తలుపు తెరిచింది. కొత్త బిళ్ళని కడిగి, తుడిచి, అతని పేరున్న అరలో పెట్టి, మళ్ళీ తాళం వేసింది. పొద్దుటి నుంచి వెళ్ళొద్దన్న గదిలోకి వెళ్ళడానికి ఎవరి అనుమతీ అడగలేదు. తర్వాత బండి పక్కకి వచ్చి నిలబడింది.

"బండి వద్దు. నడిచే వెళ్దాం," అన్నాడు జోగినాయుడు. రెండడుగులు వేసి ఆగాడు. "టీచర్‌గారూ, ఆదివారం పోటీకి ఏం చెయ్యమంటారు? అసలు బిళ్ళ ఎప్పుడు మార్చాలో లెక్క ఏదైనా ఉంటే, ముందే..."

"పగిలితే ఆ రోజే మార్చు. అంచు చేతిని కోస్తే ఆ పూటే మార్చు. ఊరికే అరిగినదాన్ని పారెయ్యకు, కుడికి తిరగాల్సిన దారిలో అదే పనికొస్తుంది. ఏడాదీ రెండేళ్ళూ అనే లెక్కలు నాకు తెలియవు. నెలకోసారి మాత్రం ఆడని కొత్తది ఒకటి తీసి విసిరి చూడు."

"పాత బిళ్ళ ఎంత అరిగిందో తెలుసుకోడానికా?"

"బిళ్ళ సంగతి దాని అంచు చూస్తే తెలుస్తుంది, నాయనా," అంది మందాకిని టీచరు. సగం ఒలిచిన చింతపండుకి చీమలు పడతాయంటూ ఇంటి దారి పట్టింది.